ఆ మాట మాత్రం అనకండి!

మా నరసరావుపేటలో ఎండాకాలం వచ్చిందని తెలియటానికి క్యాలెండరు చూడక్కర్లేదు. వీధిలోకి అడుగుపెట్టగానే వరసగా రెండు తుమ్ములొస్తే చాలు, ఏ డాబా మీదో మిరపకాయలు ఎండబోశారన్నమాటే! ఏడాదికి సరిపడా కారం ఒక్కసారే కొట్టించుకోవటం మా పల్నాటి ఇళ్ళల్లో చిన్న సైజు పండగ. కాయలు తెచ్చుకోవటం, ఎండబెట్టుకోవటం, తొడిమలు తీసుకోవటం... ఒక్కరే చేస్తే చాకిరీ. నలుగురు కూర్చుంటే కాలక్షేపం.

అలా ఈ ఏడాది మా వరండాలో చేరాం ఆరుగురం. మా అత్తయ్య, గురజాల నుంచి పుట్టింటికి వచ్చిన మా పెద్దాడపడుచు, ఎదురింటి పిన్నిగారు, పక్కవీధి టీచరుగారు, మా పైవాటాలో అద్దెకుండే అమ్మాయి, నేను. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి మాత్రం ముక్కుకి చున్నీ కట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుంది, సాయం చెయ్యకుండా మాటలు వినటానికి!

ఇంతలో పిన్నిగారికి ఫోనొచ్చింది. హైదరాబాదులో ఉండే వాళ్ళక్క. చేతులకు కారం కదా, మా అమ్మాయే ఫోను ఆమె చెవి దగ్గర పెట్టింది. "ఆ అక్కా... బాగున్నాం... ఇంకేంటి? ...ఆహా... ఇంకేంటి? ...సరే... ఇంకేంటి మరి?" పావుగంట నడిచింది. ఫోను తీసేయగానే పిన్నిగారు నిట్టూర్చి, "అబ్బబ్బ! ఈ 'ఇంకేంటి' అన్న మాటని ఎవరైనా దొంగ ఎత్తుకుపోతే బాగుండు. మా అక్క దాంతో ప్రాణం తీస్తుంది" అంది.

"మామ్మగారూ, మీరే పధ్నాలుగు సార్లన్నారు. నేను లెక్కపెట్టాను" అంది మా అమ్మాయి.

నవ్వలేక చచ్చాం. అందరికంటే ఎక్కువ నవ్వింది పిన్నిగారే.

అక్కడ మొదలైంది ఆట. లోకంలోంచి మాయమైపోతే బాగుండనిపించే మాట ఒక్కొక్కరికీ ఏదో ఒకటి ఉంటుంది కదా, అదేమిటో చెప్పాలి. రాద్దామంటే కలం పట్టుకునే చేతులా అవి? అందుకని మా అమ్మాయి చెవిలో చెప్పాలని, అది చీటీల మీద రాసి కలిపేసి చదవాలని, ఎవరి మాట ఏదో అడగకూడదని షరతులు పెట్టుకున్నాం. 'బేసిగ్గా', 'యాక్చువల్‌గా', 'వేరే లెవెల్' లాంటివి వస్తాయనుకున్నాను నేను. టీవీ వాళ్ళ 'సంచలనం' అయినా వస్తుందనుకున్నాను. ఒక్కటీ రాలేదు. అది కూడా చీటీ రాస్తానని పట్టుబట్టింది కాబట్టి మొత్తం ఏడు చీటీలు.

మొదటి చీటీ: "మా రోజుల్లో అయితేనా..."

ఎవరిదో చెప్పక్కర్లేదు, చదువుతున్నది ముసిముసిగా నవ్వుతూనే ఉంది. "ఏవే, మా రోజుల్లో అయితే ఇట్టా పెద్దాళ్ళని..." అని మొదలుపెట్టబోయి మా వదిన నాలిక్కరుచుకుంది.

రెండో చీటీ: "ఆకాశంలో సగం". టీచరుగారు చటుక్కున తల వంచుకుని తొడిమలు తీయటంలో మునిగిపోయింది గానీ, ఎంతోసేపు ఆపుకోలేకపోయింది.

"ఏటా మార్చి 8న ఈ మాట వినీ వినీ చెవులు తుప్పుపట్టాయండీ. చైనా మావో పేరు మీద ప్రచారమైన మాట, మంచిదే, కాదనను. కానీ ఆ రోజు పొద్దున్నే వెళ్ళి ముగ్గులెయ్యాలి మేమే, అతిథులకి టీలు అందించాలి మేమే. వేదిక మీద ఉన్నాయన 'మహిళలు ఆకాశంలో సగం' అంటుంటే నేను వెనకాల కప్పులు లెక్కపెట్టుకుంటూ ఉంటాను. ఆకాశంలో సగం సరే, ఆ కప్పుల్లో సగం కడగటానికి ఎవరొస్తారు?" అంది.

ఖాళీగానే ఉంటావుగా!

మూడో చీటీ చదవగానే "అది నాది కూడా!" అని నాతో సహా ముగ్గురం అరిచాం. షరతులన్నీ అక్కడే గాలికి పోయాయి.

"ఖాళీగానే ఉంటావుగా, మా గ్యాసుబండ వస్తే దింపించు" అంటారు ఒకరు. "ఖాళీయే కదా, పిల్లాణ్ణి బడి నుంచి తీసుకురా" అంటారు ఇంకొకరు. పిన్నిగారికైతే ఎవరింట్లో శుభకార్యమైనా ముందు పది రోజుల నుంచీ పిలుపులు. భోజనాల దగ్గర బొట్టు పెట్టి పిలిచేది మాత్రం వేరేవాళ్ళని!

నా సంగతి చెప్పాలంటే, మధ్యాహ్నం రెండు గంటలకి వంటిల్లు సర్దుకుని, మూడున్నరకి పాలవాడు వచ్చేలోపు ఒక పేజీ రాసుకుంటాను. ఒక కథ పూర్తవటానికి ఒక్కోసారి రెండు నెలలు పడుతుంది. అది అచ్చయిన రోజు మా బంధువుల్లో ఒకావిడ అంది, "నీకేమ్మా, ఖాళీగా ఉంటావు గాబట్టి కథలు రాసుకుంటున్నావు" అని. ఇంకోసారి ఒక కార్యాలయంలో ఫారం నింపుతూ గుమాస్తా 'వృత్తి' దగ్గర ఆగి, నా వైపు చూసి, నన్నడక్కుండానే అడ్డంగా ఒక గీత గీశాడు. ఆ గీత చూస్తుంటే, పొద్దున అయిదింటి నుంచీ నేను చేసిన పనంతా కొట్టేసినట్టనిపించింది.

ఆ గుమాస్తాననీ ఏం లాభం? సర్కారు లెక్కలే అలా ఉన్నాయి. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసుకునే కోట్లాదిమంది ఆడవాళ్ళని పని చెయ్యనివాళ్ళ పద్దులో, బిచ్చగాళ్ళ సరసన, ఖైదీల సరసన చేర్చారు. ఇది ఆడవాళ్ళని కించపరచటమేనని 2010లో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో తప్పుపట్టింది. 2021 జనవరిలో అలాంటిదే ఇంకో కేసులో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ, గృహిణి పని ఇంటి ఆర్థిక పరిస్థితికీ దేశ ఆర్థిక వ్యవస్థకీ నిజంగా తోడ్పడేదేనని, దానికి విలువ కట్టటం ఆ పనిని గుర్తించటమని రాశారు.

లెక్కలు కావాలంటే అవీ ఉన్నాయి. ఎవరు రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారని కేంద్ర గణాంక శాఖ దేశమంతటా సర్వే చేసింది. జీతంలేని ఇంటిపనులు చేసేవాళ్ళని చూస్తే, 2019లో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేశారు. 2024కి ఆడవాళ్ళది 289 అయింది. 'పోనీలే, పది నిమిషాలు తగ్గింది' అని సంతోషపడబోతే, మగవాళ్ళది కూడా 97 నుంచి 88కి తగ్గింది! పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునే సమయం ఇందులో కలపలేదు, దాని లెక్క వేరే. అంటే రోజుకి దాదాపు అయిదు గంటల ఇంటిపని చేసేవాళ్ళని మనం 'ఖాళీ' అంటున్నాం.

"సాయం అడగటానికి నాకేం కోపం లేదమ్మా" అంది పిన్నిగారు. "'నీకు కుదురుతుందా?' అని ఒక్కమాట అడిగితే రెండు పనులు ఎక్కువే చేస్తాను. కుదురుతుందని వాళ్ళే అనేసుకుంటారు చూడూ, అక్కడ మండుతుంది నాకు."

ఏమన్నా విశేషమా?

నాలుగో చీటీ చదివి మా అమ్మాయి ఆగిపోయింది. దానికర్థం కాలేదు, మాకందరికీ అర్థమైంది. ఎవరం తలెత్తలేదు.

పైవాటా అమ్మాయికి పెళ్ళయి నాలుగేళ్ళు. సంక్రాంతికి మా వాకిట్లో గొబ్బెమ్మలు పెడుతుంటే సాయానికి కిందికి దిగింది. "ఏమ్మాయ్, ఏమన్నా విశేషమా?" అని నవ్వుతూ అడిగింది నేనే. అదీ నవ్వింది. 'ఏం లేదక్కా' అంది. నేను ఆ సంగతి అక్కడే మర్చిపోయాను.

మిరపకాయలు ఏరుతూనే మెల్లిగా చెప్పింది. "తప్పేం లేదక్కా, అందరూ అడుగుతారు. కూరగాయల దగ్గరా అడుగుతారు, గుళ్ళోనూ అడుగుతారు. ఈ రెండేళ్ళలో ఎన్ని పరీక్షలు, ఎన్ని ఇంజెక్షన్లో నాకు తెలుసు. మొన్న కార్తీకంలో నిలిచినట్టే నిలిచి పోయింది. ఆ తర్వాత సంక్రాంతి..." అని ఊరుకుంది.

నా చేతుల మంట కంటికి తగిలిందని అబద్ధం చెప్పి లోపలికెళ్ళి మొహం కడుక్కొచ్చాను.

మాటలు చేసే గాయాన్ని చట్టం కూడా గుర్తించింది. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. కొట్టటమే హింస అని అందులో లేదు. అవమానించటం, ఎగతాళి చెయ్యటం, పేర్లు పెట్టి పిలవటం, ముఖ్యంగా పిల్లలు లేరనో మగపిల్లాడు పుట్టలేదనో దెప్పటం కూడా హింసేనని స్పష్టంగా రాశారు. మన ఇళ్ళల్లో ఎంత తేలిగ్గా నోటికొస్తాయి, 'గొడ్రాలు', 'మళ్ళీ ఆడపిల్లేనా' లాంటి మాటలు! ఆ చట్టం కుటుంబంలో వాళ్ళ సంగతి చూస్తుంది గానీ ఇరుగుపొరుగు అడిగే 'విశేషాల' జోలికి రాదు. అది మనకి మనమే చూసుకోవాలి.

"కోర్టులే మాటలు మార్చుకుంటున్నాయి, మనకేం పోయింది?" అంది టీచరుగారు. ఆవిడ చెప్పింది నిజమే. తీర్పుల్లో, వాదనల్లో ఆడవాళ్ళ గురించి వాడకూడని మాటలతో 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక పుస్తకం విడుదల చేసింది. 'హౌస్‌వైఫ్' అనొద్దు, 'హోమ్‌మేకర్' అనమంది. 'ఈవ్ టీజింగ్' అని సరదా పేరు పెట్టొద్దు, వీధిలో లైంగిక వేధింపు అని ఉన్నదున్నట్టు చెప్పమంది. 'మంచి భార్య', 'అణకువగల భార్య' అక్కర్లేదు, ఉత్త 'భార్య' చాలంది.

"ఉత్త భార్య అంటే చాలా? అమ్మయ్య, బతికాం!" అంది పిన్నిగారు. పైవాటా అమ్మాయి కూడా నవ్వింది. ఆ నవ్వు చూశాక గానీ నాకు ఊపిరాడలేదు.

నాయకురాలు నాగమ్మ!

అయిదో చీటీ మా వదినది. చెవిలో చెప్పేటప్పుడే అందరికీ వినపడింది, ఆవిడ గొంతు అలాంటిది.

"ఏందమ్మా మరి! మా గ్రూపు అప్పు పుస్తకం నా దగ్గరుంటది. ఒకామె కంతు కట్టాల్సిన డబ్బు ఆమె మొగుడు తీసుకుని తాగేశాడు. వాళ్ళింటికి పోయి అడిగినా. 'ఊరికి ఇంకో నాగమ్మ తయారయింది' అన్నాడు అరుగు మీద కూర్చుని. పక్కన కూర్చున్నోళ్ళంతా నవ్వారు. డబ్బు తిన్నోడిది తప్పు గాదంట, అడిగినదానిది తప్పంట!"

ఇది మా పల్నాటికే సొంతమైన తిట్టు. గట్టిగా మాట్లాడితే నాగమ్మ, లెక్కడిగితే నాగమ్మ, నలుగురిలో ముందుకొచ్చి కూర్చుంటే నాగమ్మ. 12వ శతాబ్దంలో గురజాల నుంచి ఏలిన నలగామరాజు కొలువులో ఆమె మంత్రి. మాచర్ల మలిదేవుల పక్షాన బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మాచర్లవాళ్ళు రాజ్యం వదిలిపోవటం, తర్వాత రాయబారానికి వచ్చిన అలరాజు ప్రాణాలు పోవటం, చివరికి కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున యుద్ధం... ఈ కథ మాకు ఉగ్గుపాలతో వస్తుంది. ఇప్పటికీ ఏటా కార్తీకంలో కారంపూడిలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. అన్ని కులాలవాళ్ళనీ ఒక్కచోట కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుణ్ణి తలుచుకుంటాం, తలుచుకోవలసిందే.

కానీ పందెం కాసింది ఇరుపక్షాలూ. కోళ్ళ మీద రాజ్యాలు ఒడ్డినవాళ్ళంతా వీరులయ్యారు. ఎనిమిది వందల ఏళ్ళ క్రితం మంత్రి పదవిలో కూర్చున్న ఆడమనిషి పేరు మాత్రం వీధి తిట్టయింది. సినిమాల్లో 1947లో కన్నాంబ, 1966లో భానుమతి ఆ వేషం కట్టారు. అంత పెద్ద నటీమణులు వేశారంటే ఆ పాత్రలో ఎంత సత్తా ఉండి ఉండాలి! ఆమె తప్పొప్పులు చరిత్ర చదివినవాళ్ళు తేలుస్తారు. కంతు డబ్బు అడిగిన మా వదినకీ ఆ యుద్ధానికీ సంబంధం ఏమిటన్నదే నా ప్రశ్న.

"ఏమన్నావు వదినా నువ్వు?" అనడిగాను.

"ఏమంటా? 'నాగమ్మ మంత్రి అబ్బాయ్, నువ్వు బాకీదారుడివి. కట్టు' అన్నా. మర్నాడు కట్టాడు."

సర్దుకుపో

ఆరో చీటీలో ఒకటే మాట. 'సర్దుకుపో.'

ఒక్కసారిగా అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ మాట వినని ఆడది ఎవరు? అప్పగింతలప్పుడు అమ్మ చెప్పింది, గొడవైతే అన్నయ్య చెప్పాడు, పంచాయితీలో పెద్దమనుషులు చెప్పారు. ఈ మధ్య ఇంగ్లీషు నేర్చుకుని 'అడ్జస్టవ్వు' అయింది, అంతే తేడా. "పాపం, ఎవరు చెప్పారో గానీ ఎంత పడ్డారో" అంది పిన్నిగారు.

ఆ చీటీ నాది. నేను పడ్డందుకు కాదు, అన్నందుకు.

పదకొండేళ్ళవుతోంది. శ్రావణ శుక్రవారం. శనగలు నానబోసి, పూర్ణాలకి పప్పు పొయ్యి మీద పెట్టి, ఒకటే హడావుడిగా ఉన్నాను. గుమ్మంలో మా పిన్ని కూతురు. మాచర్ల వైపు ఇచ్చారు దాన్ని. చెప్పాపెట్టకుండా బస్సెక్కి వచ్చేసింది. మోచేతుల దాకా గాజులు వేసుకుంది. పండగ కదా అనుకున్నాను.

"అక్కా, నీతో కొంచెం మాట్లాడాలే" అంది.

నేను పూర్ణం కలుపుతూనే "ఏమిటే, మళ్ళీ గొడవా?" అన్నాను. అది ఏదో చెప్పబోయింది. చెప్పనివ్వందే. పేరంటానికి అయిదింటికల్లా వస్తారు, వాళ్ళ ముందు ఇది కన్నీళ్ళు పెట్టుకుంటే ఎలాగన్నదే నా కంగారు. "అందరిళ్ళల్లోనూ ఉండేదేనే. మగాళ్ళన్నాక ఒక మాటంటారు. సర్దుకుపోవాలి మరి" అన్నాను. సరిగ్గా మా అమ్మ నాకు చెప్పిన గొంతుతోనే.

అది ఇంకేం మాట్లాడలేదు. భోంచేసి, తాంబూలం తీసుకుని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. ఆ గాజుల కింద ఏముందో ఏడాదిన్నర తర్వాత మా పిన్ని చెబితే తెలిసింది. వాతలు. చూపించటానికే వచ్చిందట నా దగ్గరికి. పుట్టింటికి పోతే నాన్న తట్టుకోలేడని, నేనైతే చదువుకున్నదాన్ని, కథలు రాసేదాన్ని, వింటానని వచ్చిందట!

ఇప్పుడు అది సత్తెనపల్లిలో కొడుకుతో విడిగా ఉంటోంది. మిషను కుట్టుకుంటోంది, పిల్లాణ్ణి చదివించుకుంటోంది. పండగలకి ఫోన్ చేస్తే మాట్లాడుతుంది. 'బాగున్నానక్కా' అంటుంది. ఎన్నిసార్లడిగినా అంతకు మించి చెప్పదు. అడగాల్సిన రోజున నేను అడగలేదు, ఇప్పుడు ఎందుకు చెబుతుంది?

అసలు సర్దుకుపోవటం చెడ్డదని కాదు నేననేది. నలుగురు ఒక ఇంట్లో బతకాలంటే అందరూ కొంచెం సర్దుకోవలసిందే. కూరలో ఉప్పు తక్కువైతే సర్దుకోవచ్చు, ఆయనకి కోపం ఎక్కువైతే సర్దుకోవచ్చు. ఒంటి మీద వాత పడితే సర్దుకోవటం ఏమిటి? అసలు ఎదుటివాళ్ళకి వచ్చిన కష్టం ఉప్పు లాంటిదో వాత లాంటిదో మనకి ఎప్పుడు తెలుస్తుంది? విన్నాక తెలుస్తుంది. మనం వినక ముందే ఆ మాట అనేస్తాం. ఎందుకంటే వింటే ఏదో ఒకటి చెయ్యాలి. 'సర్దుకుపో' అంటే మన పని అయిపోతుంది, మళ్ళీ పూర్ణం కలుపుకోవచ్చు.

మీ గుమ్మంలోకీ ఎవరో ఒకరు అలా రావచ్చు. పొయ్యి కట్టేసి కూర్చోండి. 'ఏం జరిగిందో చెప్పు' అనండి, అంతే. ఏం సలహా ఇవ్వాలో తోచకపోతే 181 నంబరుంది, మహిళల సహాయం కోసమే పెట్టిన నంబరు. గృహహింస చట్టం కింద రక్షణాధికారులున్నారు. ఇవన్నీ ఆ రోజుకీ ఉన్నాయో లేవో నేను కనుక్కోలేదు. చట్టం మాత్రం అప్పటికే వచ్చి ఏళ్ళయింది. తెలుసుకోవాలన్న ధ్యాసే నాకు లేదు.

ఇదంతా ఆ వరండాలో చెప్పేశాను. ఎవరూ ఏమీ అనలేదు. పైవాటా అమ్మాయి లేచి, చేతులు కడుక్కుని, నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఏడో చీటీ

ఇక ఒక్క చీటీ మిగిలింది. మా అమ్మాయి దాన్ని విప్పి, నా వైపు చూసి, మడిచేసింది. "చదువు" అన్నాను.

"మీకెందుకు, మీరు కూర్చోండి."

ఎవరి మాటో అడగకూడదన్న షరతు నేనే పెట్టాను. అడగక్కర్లేదు కూడా. మిగిలింది ఒక్కరే. మా అత్తయ్య తల వంచుకుని, చేటలో తాలుకాయలు ఏరి పక్కన పడేస్తూ ఉంది.

ఆ మాట ఈ ఇంట్లో అనేది నేనే. రోజుకి ఎన్నిసార్లో లెక్కే లేదు. మంచికే అంటాననుకున్నాను ఇన్నాళ్ళూ. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. కూర తరుగుతానంటే 'మీకెందుకత్తయ్యా, మీరు కూర్చోండి' అంటాను. పాలవాడితో లెక్క చూస్తానన్నా అంతే. చుట్టాలొచ్చినప్పుడు ఏ కూర చేద్దామన్న మాటలోకి వచ్చినా అంతే. ఊళ్ళో వాళ్ళంతా 'నీ కోడలు నిన్ను కాలు కింద పెట్టనివ్వదమ్మా' అంటే పొంగిపోయేదాన్ని.

"కోపం గాదే" అంది అత్తయ్య మెల్లిగా. "నువ్వు బాగానే చూసుకుంటావు. కానీ పొద్దుగూకులూ కూర్చోమంటే ఎంతసేపని కూర్చునేది? పోయినేడు కారం ఉండలు కట్టింది, గుర్తుందా? కాయ ఇంకో ఎండ తినాల్సింది. పట్టుకుంటేనే తెలిసింది నాకు. చెబ్దామనే వచ్చా. నోరు తెరిచేలోపు 'మీకెందుకత్తయ్యా, మిల్లతను చూసుకుంటాడు' అంటివి. సరేలెమ్మని పోయి కూర్చున్నా."

నిజమే. వానలు పడేసరికి పోయినేటి కారమంతా ముద్దలైపోయింది. మిల్లు వాణ్ణి తిట్టుకున్నాను, మిరపకాయలమ్మినతన్ని తిట్టుకున్నాను.

చెల్లెలికి 'సర్దుకుపో' అన్నదానికీ, అత్తయ్యకి 'మీరు కూర్చోండి' అన్నదానికీ నేను ఇన్నాళ్ళూ ముడిపెట్టుకోలేదు. ఒకటి చేదుగా ఉంటుంది, ఇంకొకటి తియ్యగా ఉంటుంది. రెండూ చేసే పని మాత్రం ఒకటే. ఎదుటి మనిషి నోరు తెరవకముందే మూసేస్తాయి. 'ఇంకేంటి'తో ఏ ప్రమాదమూ లేదు. అది విసిగిస్తుంది గానీ ఎదుటివాళ్ళని ఇంకా మాట్లాడమనే అంటుంది. పిన్నిగారూ, మీరు నిక్షేపంగా అనుకోండి!

మర్నాడు మళ్ళీ కాయలు డాబా మీద పోశాం. అత్తయ్య మెట్లెక్కలేదు కాబట్టి గంటకోసారి దోసెడు కాయలు తెచ్చి ఒళ్ళో పోశాను. పట్టుకుని, గలగలలాడించి, "ఇంకా" అంది. మధ్యాహ్నం మళ్ళీ "ఇంకా" అంది. మూడో రోజు సాయంత్రం ఒక కాయని వేళ్ళ మధ్య పెట్టి నలిపి, "ఇప్పుడు పంపించు" అంది. కూరకారంలోకి ధనియాలెన్ని, మెంతులెన్ని, ఆముదం ఎంత రాయాలి అన్నీ ఆవిడే చెప్పింది. మా అమ్మాయి నోటుపుస్తకంలో రాసుకుంది, ఆ చీటీల వెనక పేజీలోనే.

సత్తెనపల్లికి ఒక డబ్బా కారం పంపుదామనుకుంటున్నాను. పంపటం ఎందుకు, నేనే బస్సెక్కి ఇచ్చొస్తాను. మా చెల్లెలు ఏదైనా చెబితే వింటాను. చెప్పకపోతే, అది మిషను కుడుతుంటే పక్కన కూర్చుని గుండీలు కుట్టిపెట్టి వస్తాను.